సైలెన్సర్ లోపలి అతుకు

మా మామ పోయాడని పొద్దున్నే మార్కాపురం నుంచి ఫోన్ వచ్చింది. ఆయనకు వంట చేసిపెట్టే మనిషి చేసింది. నిద్రలోనే పోయాడని, మొహం ప్రశాంతంగా ఉందని చెప్పింది. మొదటి మాట నమ్మాను, రెండోది నమ్మలేదు. గిద్దలూరు నుంచి వెళ్లి చూశాను. కనుబొమలు ఎప్పటిలాగే ముడిపడి ఉన్నాయి.

పలకల వ్యాపారులు ఆయన గురించి రాసిమ్మన్నారు. సంస్మరణ సంచికలో వేస్తారట. "అజాతశత్రువు అని రాయండి సారూ, బాగుంటాది" అని ఒకాయన సలహా ఇచ్చాడు. మా మామకు శత్రువు ఉన్నాడు. ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ ఆయన చివరిదాకా శ్రద్ధగా చూసుకున్నాడు. అది వదిలేసి ఏం రాసినా ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆయన నా భార్యకు తండ్రి. ఆయనకు ఆమె ఒక్కతే కూతురు. ఆమె ఆయన కంటే ముందే పోయింది.

ఒకప్పుడు ఆయనకు మార్కాపురంలో పలకల కార్ఖానా ఉండేది. గని నుంచి వచ్చిన ప్రతి రాయినీ వేలి కణుపుతో తట్టి చూసేవాడు. బీటలేని రాయి గణగణమంటుంది, బీట ఉన్నది బొదబొదమంటుంది. తట్టడం ఆయనకు అలవాటైపోయింది. పుచ్చకాయనూ తట్టేవాడు, తలుపునూ తట్టేవాడు. పెళ్లిచూపుల్లో నా భుజం మీద కూడా కణుపుతో రెండుసార్లు తట్టి, ఏమీ తేల్చుకోలేనట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు చాటు నుంచి ఆమె నవ్వు వినిపించింది.

కార్ఖానా బాగా నడిచిన రోజుల్లో ఆయన మద్రాసులో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇద్దరే పట్టే ఎర్ర కారు. నేలకు జానెడు ఎత్తున ఉండేది. ఊళ్లో దాన్ని కప్ప బండి అనేవాళ్లు. కొన్నది ఆయనైనా నడిపింది కూతురే. పెళ్లయ్యాక కారు కూడా ఆమెతో గిద్దలూరు వచ్చింది. రాచర్ల దారిలో ఆమె వెళ్తుంటే ఒక గొర్రెల కాపరి మందను పక్కకు తోలి, వంగి చూసి, "ఏందమ్మా, రోడ్డు మీదనే కూచున్నావే" అని ఏడిపించేవాడు. ఆమె హారన్ కొట్టి జవాబు చెప్పేది.

ఒకసారి మార్కాపురంలో ఉన్నప్పుడు కారు సైలెన్సర్ పగిలింది. ఆమె దాన్ని స్టేషన్ రోడ్డులో ఒక రిపేరు షెడ్డులో ఇచ్చింది. డబ్బా కోసి, లోపల ఊడిన అడ్డరేకు అతికించి, పైన మూసి, నల్ల రంగేసి ఇచ్చారు. నడిపితే లోపల ఏదో కదులుతున్న మోత వచ్చింది. వెనక్కి వెళ్లి చెబితే షెడ్డతను తల గోక్కుంటూ, "కొత్త అతుకు గదమ్మా, సర్దుకుంటాదిలే" అన్నాడట. ఇంటికొచ్చి అతని గొంతుతో అని చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. కొన్నాళ్లకు మోత ఆగిపోయింది కూడా.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో కడుపు పట్టుకుని కూలబడింది. లోపల రక్తం కారుతోంది, ఆపరేషన్ చెయ్యాలి, వెంటనే నంద్యాల తీసుకుపొమ్మన్నాడు గిద్దలూరు డాక్టరు. అంబులెన్సు వేరే ఊరికి వెళ్లి ఉంది. ఇంటి ముందు కారుంది.

దిగువమెట్ట దాకా బాగానే పోయింది. నల్లమల ఎక్కుడు మొదలయ్యాక బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను ముక్కుతోంది తప్ప వేగం రాలేదు. మనిషి నడకకు దిగి, ఆగిపోయింది. కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే మామూలుగానే పలికేది. కొంచెం ఎక్కగానే మళ్లీ అంతే. ఆమె కళ్లు మూసుకునే, "ఫస్టులో వెయ్యి" అంది. నాతో ఆమె అన్న ఆఖరి మాట అది. ఫస్టులోనే ఉందని నేను చెప్పలేదు. వెనక వచ్చిన లారీవాళ్లు ఎక్కించుకున్నారు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే, అన్నాడు నంద్యాల డాక్టరు.

అందరి ముందూ మామ నా మీదికి వచ్చాడు. "నడపడం రానోడివి ఎందుకెక్కించుకున్నావు? క్లచ్ కాల్చి నా బిడ్డను కొండలో నిలబెట్టినావు."

"మీ తుక్కు బండే చంపింది మామా" అన్నాను.

ఆ మాటలు ఇద్దరం వెనక్కి తీసుకోలేదు. ఆయన కారును లారీ మీద మార్కాపురం తెప్పించి, అప్పటికే మూతబడిన కార్ఖానాలో పెట్టించాడు. తప్పు నాదని ఆయన తేల్చాలి. తప్పు ఆయన కారుదని నేను తేల్చాలి. ప్రతి ఆదివారం ప్యాసింజర్ బండెక్కి వెళ్లేవాణ్ణి. నేను లేకుండా ఆయన ఒక్క నట్టు కూడా విప్పలేదు. నేను నమ్మననే భయం అనుకున్నాను. అది కాదని తర్వాత తెలిసింది. "అనుమానం మీద ఎవర్నీ తిట్టగూడదు. విప్పి చూసి తిట్టాల" అనేవాడు. అది ఆయన నియమం. శత్రువుకూ అదే.

ముందు క్లచ్ విప్పించాడు. ప్లేటు కాలలేదు. దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు, వాసన చూశాడు, తట్టి చూశాడు. తర్వాత ఒక పాత పలక మీద పెట్టి, బలపంతో కింద 'బాగుంది' అని రాశాడు. ఇంజను భాగాలు అన్నిటికీ అట్లాగే పలకలు వేశాడు. పెట్రోల్ పంపు బాగుంది. కార్బురేటర్‌లో చెత్త లేదు. ప్లగ్గులు, పాయింట్లు బాగున్నాయి. సిలిండర్లలో ఒత్తిడి కొలిపించాం, అదీ సరిగానే ఉంది. 'బాగుంది' అని రాసిన ప్రతిసారీ బలపం విరిగేది. ఆయనకు దోషి కావాలి. నాకూ కావాలి. కార్ఖానా నిండా నిర్దోషులు వరసగా పడుకుని ఉన్నారు.

అన్నీ బిగించి నడిపితే కారు ఊళ్లో చక్కగా పరుగెత్తేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

సైలెన్సర్‌ను కూడా ఆయన తట్టి చూడకపోలేదు. అందులో చప్పుడు తగ్గడానికి గాజు దూది నింపుతారు. తడితే ఎటు తిరిగినా ఒకే మెత్తటి శబ్దం. ఆయన కణుపుకు ఏమీ అందలేదు. అక్కడే చాలా రోజులు మోసపోయాం.

ఒక ఆదివారం అన్నం తింటూ తింటూ ఆయన చెయ్యి ఆపాడు.

"ఆ పొద్దు బండి యాడ ఆగింది?"

"ఎక్కుడులో."

"మనం యాడ చూస్తాండాం?"

జవాబు కోసం ఆగలేదు. ఎంగిలి చేత్తోనే కింద గచ్చు చూపించాడు. పలకలు కోయడానికి వీలుగా వేసిన గచ్చు అది. నీళ్లు పోస్తే ఎటూ పారవు.

చెయ్యి కడుక్కుని ఇద్దరం రాళ్లు మోశాం. అమ్ముడుపోని మందపు రాళ్లు పెరట్లో గుట్టగా ఉండేవి. వాటిని పరిచి, మీద మీద పేర్చి, ముందు చక్రాలకు ఎక్కుడు కట్టాం. ఇంకా, ఇంకా అంటూ ఆయన ఎత్తు పెంచాడు. కారు ముక్కు ఆకాశం వైపు లేచింది. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, నన్ను స్టార్ట్ చెయ్యమని, ఆయన పొగగొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి కూచున్నాడు.

తొక్కాను. మొదట ఇంజను లేచింది. తర్వాత ఎంత తొక్కినా లేవలేదు. అదే ముక్కుడు. నల్లమలలో విన్న ముక్కుడు. నేను కాలు తియ్యలేదు. బానెట్ తీసేసిన ఇంజను పక్కన పొగగొట్టం ఎర్రబడింది. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "గాలి రాలే. నా చేతికి గాలి రాలే అల్లుడా."

కారును చదునుకు దించితే పొగ మామూలుగా వచ్చింది. మళ్లీ ఎత్తితే ఆగింది. చివరికి సైలెన్సర్‌ను ఊడదీసి, ఎత్తు మీదే స్టార్ట్ చేశాం. వీధి అదిరిపోయేలా అరిచింది ఇంజను. ఏ అడ్డూ లేకుండా లేచింది. ఆ అరుపులో ఆయన ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. అన్నాళ్లకు ఆయన ఏడవడం చూశాను.

డబ్బా కోయించాం. లోపలి అడ్డరేకు అతుకు ఊడి, దూదిలో విడిగా ఉంది. చదును నేల మీద అది ముందుకు వాలి ఉంటుంది. ఎక్కుడులో గట్టిగా తొక్కితే వెనక్కి జారి, పొగ పోయే రంధ్రాన్ని తలుపు మూసినట్టు మూసేస్తుంది. ఇంజను ఊపిరి వదల్లేదు. వదల్లేనిది తీసుకోలేదు. చుట్టూ వెయ్యాల్సిన అతుకును ఆ షెడ్డువాడు రెండు వెల్డింగు బొట్లు పెట్టి వదిలేశాడు.

మామ ఆ రేకును పలక మీద పెట్టాడు. బలపం తీసుకుని, ఏమీ రాయకుండా కింద పెట్టాడు. "ఇంక ఆదివారాలు రాకున్నా పర్వాలేదు" అన్నాడు నాతో. ఆయన నన్ను విడుదల చేసింది ఆ మాటతోనే. నేను రావడం మానలేదు.

మర్నాడు ఇద్దరం డబ్బా పట్టుకుని షెడ్డుకు వెళ్లాం. అతను దాన్ని చూడగానే గుర్తుపట్టాడు.

"ఇది ఎవరి అతుకు?" అన్నాడు మామ.

"నాదే పెద్దాయనా."

"రెండు బొట్లే పెట్టినావు."

అతను అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "లోపలిది గదా," అన్నాడు. "ఎవరికి కనపడుతాది అని."

నేను అతని చొక్కా పట్టుకున్నాను. మామే విడిపించాడు. పోలీసు కేసు పెడదామన్నాను, కోర్టుకు పోదామన్నాను. "కోర్టు వానికి వాయిదాలిస్తాది. నేను వాయిదాలియ్యను" అన్నాడాయన.

షెడ్డుకు ఎదురుగా ఒక టీ దుకాణం ఉంది. పెద్దారవీడు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ ఆమె నడుపుతుంది. మర్నాటి నుంచి మామ రోజూ పొద్దున్నే ఆ దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూచున్నాడు. పక్కన స్టూలు మీద డబ్బా. కోసిన వైపు రోడ్డుకు. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా. గొంతు ఎత్తింది లేదు, తిట్టింది లేదు. ఎవరూ అడక్కపోతే ఊరికే కూచునేవాడు. అడిగితే రేకు జరిపి చూపించి, మా అమ్మాయి ఎట్లా పోయిందో చెప్పేవాడు. రోజూ అవే మాటలు, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. విన్నవాళ్లు టీ తాగి, బండి తిప్పుకుని వేరే షెడ్డుకు పోయేవాళ్లు. ముందు కార్లు పోయాయి, తర్వాత జీపులు. చివరికి ట్రాక్టర్ టైర్లకు గాలి కొట్టే పని మిగిలింది.

టీ దుకాణం ఆమె ఒకసారి నన్ను పక్కకు పిలిచి, కాస్త చెప్పి చూడమంది. "ప్రార్థనలో ఇద్దరి కోసం అడుగుతాండా నాయనా. ఆయన్ను చూస్తే గుండె దడ." నేను చెప్పలేదు. పగ పట్టడం కష్టమైన పని. నాకు ఉద్యోగం ఉంది, మరుపు ఉంది, ఒక్కో పూట నవ్వొస్తుంది కూడా. నా వంతు కూడా ఆయనే మోస్తున్నాడు. ఆయన మీద నాకున్న కృతజ్ఞత అదే. అంతకంటే శుభ్రమైనది దొరికితే రాసేవాణ్ణి.

నేను చూస్తుండగానే ఒక రోజు షెడ్డతను రోడ్డు దాటి వచ్చి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"ఇంక చాలు పెద్దాయనా. బళ్లో నా పిల్లలను 'రెండు బొట్లోని పిల్లలు' అంటాండారు."

మామ అతన్ని తేరిపార చూశాడు. "నాకూ ఒక పిల్ల ఉండె" అన్నాడు. తర్వాత టీ చెప్పాడు. అతను కాదనలేక తాగాడు. గ్లాసు కింద పెట్టి, రోడ్డు దాటి వెళ్లాడు. మామ కుర్చీ కదపలేదు.

పెద్దకర్మకు అతను వచ్చాడు. భోజనానికి కూర్చోలేదు, వాకిట్లో దూరంగా నిలబడ్డాడు. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, "సారూ, పెద్దాయన పోయినాడు గదా. ఆ డబ్బా తీసేయిస్తారా?" అన్నాడు. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి మామ లేని ఇంట్లో పడుకుని, నిజంగానే ఆలోచించాను. అతని పిల్లల మొహాలు నాకు తెలుసు.

పొద్దున్నే స్టేషన్ రోడ్డుకు వెళ్లాను. అతను షట్టర్ సగం ఎత్తి, నన్ను చూసి ఆగాడు. టీ దుకాణం ఆమె కుర్చీని లోపల తిరగేసి పెట్టింది. బయట వెయ్యమన్నాను. ఆమె నా మొహం చూసి, తెచ్చి వేసింది. బయట స్టూలు మీదే ఉన్న డబ్బాకు మంచుకు చెమ్మ పట్టింది. చేతిరుమాలుతో తుడిచి, కోసిన వైపు రోడ్డుకు తిప్పి కూచున్నాను.

కాసేపటికి ఒక కారు వచ్చి వేగం తగ్గించింది. నడుపుతున్నాయన అద్దం దించాడు. ఎక్కుడులో బండి లాగడం లేదట. ఎదురుగా ఉన్న షెడ్డు తెరిచారా అని అడిగాడు.

"తెరిచే ఉంది," అన్నాను. "దిగండి. ముందు ఇది చూడండి."