బ్రీద్ మడి

ఫెస్టస్ రువాన్ గురించి మా పారిష్‌లో, అంటే మా చర్చి కిందున్న ఊళ్ళలో, మూడు మాటలు తిరుగుతున్నాయి. అతడు పునీత బ్రీద్ పేరిట కట్టిన పాత చర్చి జాడ కనిపెట్టాడని యాత్రికులకు పంచే కరపత్రంలో రాశారు. రైతు మాలకీ గానన్ మీద కక్షతో లేని పేరు పుట్టించాడని సారాకొట్టు వాళ్ళంటారు. ముసలితనంలో మతి తప్పిందని సొంత మేనల్లుడే చెప్పాడు. అతని నోటుపుస్తకాలు ఇప్పుడు ఈ ఊరి బడిపంతులునైన నా దగ్గరున్నాయి. ఈ మూడూ తప్పే.

ఫెస్టస్ ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు పంచాడు. ఉద్యోగం దిగాక పొలాల పేర్లు, పాత శిలువ రాళ్ళు, కూలిన ప్రార్థనాలయాల గోడలు నమోదు చేయడం మొదలుపెట్టాడు. పొలానికొక కాగితం. ఏ పేరైనా మూడు నోళ్ళు చెబితేనే రాసేవాడు. చెప్పినవారి పేరు పక్కన వారి పని: రైతు, జాలరి, నేతగాడు.

మాలకీ పొలం పేరు కిల్లీన్. మాటకు అర్థం చిన్న చర్చి. మా నోళ్ళలో మాత్రం జ్ఞానస్నానం అందక చర్చి శ్మశానంలో చోటు దొరకని పసికందులను, చర్చి గురువు లేకుండా, తండ్రులు పాతిపెట్టిన చోటు. నడుమ ఒక పాత శిలువ రాయి ఉండేది. 1974 వసంతంలో మాలకీ ఆ నేల చదును చేయించబోయాడు.

"ఏరా ఫెస్టస్, ఉత్తరాలు పంచడం అయిపోయి రాళ్ళకు పేర్లు పంచుతున్నావా?" అన్నాడు గోడ మీద నుంచి.

"నీ పొలం పేరు మీ తాతకు తెలుసు, నీకే తెలియదు. అందుకే వచ్చా."

"రాసుకో. తుంగ పెరిగే చిత్తడి. అదే పేరు!"

ఆ సాయంత్రమే సబీనా లావెల్, డెబ్బై దాటిన మనిషి, అతన్ని పిలిపించుకుంది.

"తమ్ముడూ, ఆ పొలంలో ఉత్తరపు మూలకు ఒక పేరుంది. రాస్తావా?"

"చెప్పక్కా."

"బ్రీద్ మడి."

"ఇంకెవరంటారు ఆ పేరు?"

"ఎవరూ అనరు. పుట్టింది, ఏడవలేదు. పేరు నేనే పెట్టుకున్నా. మా ఆయనకు కూడా చెప్పలేదు. నువ్వు రాస్తే దున్నకుండా ఆపుతారటగా?"

ఆపుతారు. కాగితం పట్టణంలోని కార్యాలయానికి చేరితే పని నిలిపే ఉత్తర్వు వస్తుంది. కానీ ఆ పేరుకు ఒక్క నోరే ఉంది. ఫెస్టస్ పదకొండు ఇళ్ళు తిరిగి, ఎవరిదో చెప్పకుండా, ఆ మూలకు పేరుందా అని అడిగాడు. అందరూ లేదన్నారు. చెప్పిన మనిషెవరో దాచి, తన చిక్కు మాత్రం నాకు చెప్పాడు.

"ఆ పేరు వదిలేసి శిలువ రాయి సంగతి పంపవయ్యా," అన్నాను నేను.

"సగం కాగితం ఎన్నడూ పంపలేదు మాస్టారూ. ఆ పేరు వదిలి పంపితే ఆమె మొహం చూడలేను."

ఇరవై రెండో రోజున బ్రీద్ మడి పేరుతో సహా పూర్తి కాగితమే పంపాడు. శనివారం యంత్రం వచ్చి నేలంతా చదును చేసింది. ఆ తరువాతి బుధవారం ఉత్తర్వు వచ్చింది. మాలకీ చట్టం మీరలేదు. ఆ మూల సంగతి అతనికి తెలియదు. శిలువ రాయిని తానే మోసుకెళ్ళి గోడకు ఆనించాడు.

మరుసటి ఏడు, ఆ కాగితాల్లోని పొలాల పేర్లతో కార్యాలయం అచ్చువేసిన పటం వచ్చింది. సబీనా అద్దాలు పెట్టుకుని చాలాసేపు వెతికి, బ్రీద్ మడి అన్నచోట వేలు ఆనించింది.

"చర్చి పుస్తకంలో రాయలేదు నా బిడ్డను," అంది. తరువాత, "నేల పోయిందిగా తమ్ముడూ," అంది. ఫెస్టస్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తరువాత అతడు కొత్త పేరేదీ రాయలేదు.

సబీనా పోయి నాలుగేళ్ళయింది. సంగతి బయటపెట్టమని ఆమే చెప్పి పోయింది. ఆఖరి నోటుపుస్తకంలో ఆ పేరు ఎదుట ఒకే సాక్షి: ఎస్. లావెల్. పని అన్న గడిలో, తల్లి.

ఫెస్టస్ రువాన్ వెయ్యినూట నలభైమూడు పేర్లు రాశాడు. ఒకదాన్ని ఒక్క నోటి మాట మీద రాశాడు, మూడు వారాలు ఆలస్యంగా పంపాడు. ఆ ఆలస్యం వల్లే నేల పోయింది. పేరు మాత్రం సరైనదే.