దారి పెట్టెకి వేసిన మార్కులు

నేను పళ్ళు చేసే మనిషిని. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిని చూసి కట్టుడు పళ్ళూ తొడుగులూ చేసే ల్యాబులో పని. రోజంతా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో ముందు పన్ను అరగదీస్తూ ఉంటాను. అచ్చు చూస్తే చాలు, ఆ మనిషి నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేస్తాను. మనిషిని చూసి మాత్రం ఏమీ చెప్పలేనని ఈ మధ్యనే తెలిసింది. మా డ్రైవరు సంగతి చెబుతున్నది అందుకే.

మా డ్రైవరు నోట్లో నాలుక లేని మనిషి. నోట్లో పళ్ళు లేనివాళ్ళకి మా దగ్గర మందుంది గానీ నాలుక లేనివాళ్ళకి లేదు. వయసు నలభై దాటింది, పెళ్ళి కాలేదు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆవిడకి వండిపెట్టాడు. ఆవిడ పోయాక తనొక్కడి కోసం పొయ్యి వెలిగించడం దండగని అదీ మానేశాడు. టైర్ల దుకాణం పైన ఒక గదిలో ఉంటాడు. ల్యాబుకి సెలవైన రోజు కూడా వచ్చి కారు కడుక్కుంటాడు. “సెలవు రోజు ఇంట్లో ఏం చేస్తావయ్యా?” అని ఒకసారి అడిగాను. చాలాసేపు ఆలోచించి, “కూర్చుంటానక్కా” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే రావడం లేదు.

ఆ కారులో డ్రైవరు పక్కన ఇంకో పెద్దాయన ఉండేవాడు. దారి చెప్పడం, పళ్ళ డబ్బాలు పట్టుకుని క్లినిక్కుల మెట్లెక్కి ఇచ్చి రావడం ఆయన పని. క్లినిక్కులు లెక్కలేనన్ని, రోజుకో దారి. అన్నీ ఇరుకు వీధుల్లో, మేడల మీద. కారు ఆపుకునే చోటుండదు కాబట్టి డ్రైవరు సీటు దిగడానికి వీల్లేదు. ఈయన్ని మేమంతా రేడియో అంటాం. పొద్దున బెల్టు పెట్టుకుంటూ మొదలుపెడితే సాయంత్రం బెల్టు తీసేదాకా ఆగేది కాదు. మొదటి రోజే డ్రైవర్ని “బావా” అన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, అలా కలుపుకుపోయే రకం. కానీ డ్రైవర్ని వరసపెట్టి పిలిచేవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరు. నేనున్నానంటారా, అతను నన్ను అక్కా అంటాడు గానీ నేను అతన్ని ఏమయ్యా అనే అంటాను.

ఇలా ఉండగా మా ఓనరుగారు ఒక దారి పెట్టె కొనుక్కొచ్చారు. అరచేతిలో ఇమిడేంత పెట్టె. కారు ముందద్దానికి రబ్బరు గిన్నెతో అతుక్కుంటుంది. ఎక్కడికి వెళ్ళాలో నొక్కితే ఆడగొంతుతో కుడికీ ఎడమకీ తిప్పుతుంది. అమ్మినవాడు అరచేతిలో వైకుంఠం చూపించాడట. “దారి ఫోనులో కూడా ఉంటుంది కదండీ?” అన్నాను. “ఫోనిస్తే దారి తప్ప అన్నీ చూస్తారమ్మా” అన్నారు.

తర్వాత డ్రైవర్ని పిలిచి అందరి ముందూ చెప్పారు. “నెలాఖరు దాకా వాడి చూడు. నీ మాటే ఖాయం. బాగుందంటే ఇక కారులో ఒక్క మనిషి చాలు. బాగాలేదంటే తిరిగిచ్చేస్తా.”

డ్రైవరు పెట్టెని రెండు చేతులతో అందుకున్నాడు. మా అందరికీ ఒకటే అర్థమైంది, రేడియో ఉద్యోగానికి ఎసరొచ్చిందని. రేడియో మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. పాపం, పైకి నవ్వుతున్నాడని జాలిపడ్డాం.

ఆ మరుసటి రోజు నుంచి పెట్టె మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున్నే ఆకాశంలోని ఉపగ్రహంతో మాట కలపడానికి చాలాసేపు తీసుకుంటుందట. ఎత్తు మేడల మధ్య కారుని పక్క సందులో చూపిస్తుందట. కొత్త వంతెన ఎక్కితే నీళ్ళలో వెళ్తున్నట్టు చూపిస్తుందట. ఎండ పడితే బొమ్మ కనిపించదట. మలుపు దాటాక తిరగమంటుందట. డ్రైవరు నోట ఇన్ని మాటలు ఒక్కసారిగా నేనెప్పుడూ వినలేదు. డబ్బాలు కూడా ఆలస్యంగా చేరుతున్నాయని క్లినిక్కుల వాళ్ళు విసుక్కున్నారు.

ఒక రోజు నేనూ ఆ కారులో వెళ్ళాల్సి వచ్చింది. ఒకావిడ ముందు పన్ను రంగు కుదరడం లేదు, స్వయంగా చూసి సరిపెట్టాలి. వెనక సీట్లో డబ్బాల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. నాకేం పని లేదు కాబట్టి పెట్టె మాటే వింటూ కూర్చున్నాను. న్యాయంగా చెప్పాలంటే డ్రైవరు దానికి పెట్టిన వంకల్లో సగం నిజమే. బయల్దేరేటప్పుడు తెల్లమొహం వేసింది. కొత్త వంతెన మీద నిజంగానే మమ్మల్ని ఏట్లో తేల్చింది. కానీ వంతెన దిగాక తప్పు దిద్దుకుని చక్కగా చెబుతోంది. ముందుగా ఒకసారి, మలుపు దగ్గర ఇంకోసారి. మా చిన్నక్క కూడా దారి అంత ఓపిగ్గా చెప్పదు.

“కుడికి తిరగండి” అంది పెట్టె. డ్రైవరు నేరుగా పోనిచ్చాడు. పెట్టె కాసేపు ఆలోచించి, పోనీ తర్వాతి సందులో తిరగమంది. అదీ దాటేశాడు. చివరికి ఏదో గోడౌను వెనక గోడ దగ్గర ఆగాం. ముందుకి దారి లేదు.

“చూశావా అక్కా, ఎక్కడికి తీసుకొచ్చిందో!” అన్నాడు డ్రైవరు.

పక్క సీట్లో రేడియో మెల్లగా, “అది కుడికే చెప్పింది బావా” అన్నాడు.

“ఆలస్యంగా చెప్పింది” అని డ్రైవరు కారు వెనక్కి తీశాడు.

అద్దంలో నా చూపు, అతని చూపు కలిశాయి. అతను చటుక్కున కళ్ళు తిప్పుకున్నాడు. నాకు విషయం తెలిసిపోయింది. పక్క మనిషిని నిలబెట్టుకోవడానికి ఈ మూగమనిషి అబద్ధం నేర్చుకున్నాడు. చేతకాని వాడిలా కనిపించడానికి కూడా సిద్ధపడ్డాడు. నాకు ముచ్చటేసింది. ల్యాబుకి వచ్చాక ఓనరుగారు “ఎలా ఉందమ్మా పెట్టె?” అని అడిగితే, “గోడౌను గోడకి గుద్దించబోయిందండీ” అన్నాను. తిలా పాపం తలా పిడికెడు.

నెలాఖరున డ్రైవరు ఓనరుగారి గదిలోకి వెళ్ళి, “పనికిరాదండీ” అని ఒక్క ముక్క చెప్పి వచ్చాడు. అతని మాట మీద ఆయనకి గురి. పెట్టెని అట్టడబ్బాలో పెట్టి తిరిగిచ్చేయమన్నారు.

ఆ మధ్యాహ్నం రేడియో నా బల్ల దగ్గరికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ధన్యవాదాలు చెప్పడానికి వచ్చాడనుకుని లోలోపల పొంగిపోయాను.

“అన్యాయం జరిగిపోయింది చెల్లెమ్మా” అన్నాడు.

“ఏమైంది?”

చుట్టూ చూసి, ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. మోకాలు గుమ్మడికాయలా ఉంది. చుట్టిన గుడ్డ పట్టీ కింద చర్మం నిగనిగలాడుతోంది.

“మెట్లు ఎక్కలేకపోతున్నాను. రెండేళ్ళయింది. మొన్నామధ్య ఓనరుగారితో చెప్పుకున్నాను. ‘ముందు గదిలో అచ్చులు తీసుకునే అమ్మాయి మానేస్తోంది, ఆ కుర్చీ నీకిస్తాను. కానీ కారుకి నువ్వు లేకుండా జరిగే దారి దొరకాలి’ అన్నారు. దాని కోసమే పెట్టె తెచ్చారు. ఖాయమయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను సాయంత్రాలు కూర్చుని క్లినిక్కులన్నీ దానికి ఎక్కించాను, తప్పు పోకూడదని. తీరా చూస్తే బావ పనికిరాదని చెప్పేశాడు.”

నా చేతిలో పన్ను బల్ల మీద పడింది.

“డ్రైవరుతో అయినా ఒక మాట చెప్పుకోవాల్సింది కదన్నయ్యా!” అన్నాను.

“ఏం చెప్పను? ఇన్నేళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు వాగాను. ఊ అని కూడా అనడు. నేనంటే విసుగు అతనికి. నేను దిగిపోతే పీడా విరగడైందని సంతోషిస్తాడనుకున్నాను. అతనే ఎందుకు అడ్డుపడ్డాడో అర్థం కావడం లేదు.”

నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. భుజం భుజం రాసుకుంటూ ఇన్నేళ్ళు తిరిగి, ఒకడి మాట ఒకడికి చేరలేదు. చేరవేయడానికి మళ్ళీ పళ్ళు అరగదీసే నేనే దొరికాను.

డ్రైవరు పెరట్లో ఉన్నాడు. పెట్టె పీకేసిన చోట ముందద్దం మీద గుండ్రంగా మచ్చ పడింది. గుడ్డ తడిపి దాన్ని తుడుస్తున్నాడు. చాలా రోజుల తర్వాత మొహం తేటగా ఉంది. చెప్పబుద్ధి కాలేదు. అయినా చెప్పాను, మోకాలు సంగతీ, కుర్చీ సంగతీ.

గుడ్డ అద్దం మీదే ఆగిపోయింది.

“నాతో చెప్పలేదే” అన్నాడు.

“చెబితే ఏమంటావు? నువ్వు ఊ కూడా కొట్టవట కదా.”

ఈ మాట కఠినంగానే అన్నాను. అతను నా వంక చూడకుండా, “అన్నీ వింటానక్కా” అన్నాడు. “ఆయనకి తమ్ముడితో మాటలు ఎందుకు పోయాయో తెలుసు. మనవరాలు అన్నం తినేటప్పుడు ఏ కథ అడుగుతుందో తెలుసు. ఆయన పెళ్ళిలో చెప్పులు పోయిన సంగతి ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పిన ప్రతిసారీ విన్నాను. గదికి వెళ్ళాక అవే తలుచుకుంటాను. నాకు జవాబివ్వడం రాదు, అంతే.”

గుడ్డ మళ్ళీ తడుపుతూ, “మోకాలు మాత్రం చెప్పలేదు” అన్నాడు.

“ఇప్పుడేం చేస్తావు?”

“పెట్టె ఇంకా దుకాణానికి వెళ్ళలేదు కదా?”

“లేదు. మరి నువ్వు ఒక్కడివే అయిపోతావు కదయ్యా.”

“ఆయన కూర్చోవాలి కదక్కా” అని గుడ్డ పిండి ఆరేసి, ఓనరుగారి గదిలోకి వెళ్ళాడు.

గది తలుపు తీసే ఉంది. మాకందరికీ వినిపించింది. “పెట్టె మంచిదేనండీ. దారులు సరిగ్గానే చెప్పింది. నేనే తప్పించాను” అన్నాడు. ఎందుకు తప్పించావంటే, “తప్పు నాదేనండీ” అన్నాడు. ఓనరుగారికి కోపమొచ్చింది. నెల రోజులు క్లినిక్కుల చేత మాటలు పడ్డానన్నారు, నమ్మినందుకు బాగా బుద్ధి చెప్పావన్నారు. డ్రైవరు తల వంచుకుని నిలబడ్డాడు. బయట అచ్చులకి ప్లాస్టరు కలిపేవాళ్ళు, “మనిషికి పెట్టెపాటి బుర్ర లేదు” అని నవ్వుకున్నారు. నేను లేచి అసలు సంగతి చెప్పబోతే, డ్రైవరు గుమ్మంలోంచి వద్దని చెయ్యూపాడు. రేడియోకి తెలిస్తే ఆ కుర్చీలో స్థిమితంగా కూర్చోలేడని తర్వాత నాతో చెప్పాడు.

కొత్త నెల మొదలైంది. రేడియో ముందు గదిలో కుర్చీ ఎక్కాడు. కాళ్ళు చాపుకోవడానికి బల్ల కింద పీట కూడా వేసుకున్నాడు. వచ్చేపోయేవాళ్ళతో ఒకటే కబుర్లు. ఇంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. డబ్బాలు కారు కిటికీలోంచి అందించి, “ఇక నీకు నా గోల లేదు బావా, హాయి!” అన్నాడు. డ్రైవరు తలూపాడు. కారు బయల్దేరింది. పక్క సీట్లో డబ్బాలున్నాయి. పెట్టె ఏదో చెబుతోంది.

ఇప్పుడు డబ్బాలు అతనే పైకి మోయాలి. పెట్టె వచ్చాక ఓనరుగారు పెద్ద రోడ్డు మీద కారు నిలిపే చోట్లు కూడా చూసి పెట్టారు. అక్కడ ఆపి, సందులో నడిచి, మెట్లెక్కాలి. అంటే ఇన్నేళ్ళలో అతను ఆ మేడలెక్కడం అదే మొదటిసారి.

సాయంత్రం తిరిగొచ్చాక ఇంటికి పోలేదు. నేను దీపం ఆర్పబోతుంటే వచ్చి నా బల్ల పక్క స్టూలు మీద కూర్చున్నాడు. అతను అక్కడ కూర్చోవడం నేనెరగను. “దారి సరిగ్గా చెప్పిందా?” అని అడిగాను.

“చెప్పిందక్కా. ఎక్కడా తప్పలేదు.”

“మరి ఏంటలా ఉన్నావు?”

“బాలేదక్కా. కారులో ఉండబుద్ధి కావడం లేదు.”

అతను అంత మాట తిన్నగా అనడం చూసి నేను చేతిలో పని పక్కన పెట్టేశాను. అతనే మళ్ళీ మొదలుపెట్టాడు.

“అన్నిటికన్నా పైనున్న క్లినిక్కుకి వెళ్ళాను. అక్కడ బల్ల దగ్గరుండే అమ్మాయి, మీరెవరండీ అంది. ఇన్నేళ్ళూ వాళ్ళ గుమ్మం కిందే ఉన్నాను కదా, నేనెవరో తెలియదు. ల్యాబు డ్రైవర్నంటే, పెద్దాయన రాలేదేమని అడిగింది. గోడ వారగా ఒక కుర్చీ ఉంది. ఆయన డబ్బా ఇచ్చాక రోజూ అందులో కూర్చునేవాడట. వెంటనే దిగలేక మోకాలు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడట. ఆ అమ్మాయి మంచినీళ్ళిస్తే తాగి, గోడ పట్టుకుని దిగేవాడట.”

“ఊ” అన్నాను.

“కారెక్కి నాతో మాత్రం, పైన ఆ అమ్మాయి మాటల్లో పెట్టేసింది బావా, అందుకే ఆలస్యమైంది అనేవాడు. నేను నిజమే అనుకున్నాను.”

అతని చేతులు రెండూ మోకాళ్ళ మీద ఉన్నాయి. వాటినే చూస్తూ అన్నాడు.

“ఆయన పైన అలా కూర్చుని ఉంటే, నేను కింద హారన్ కొట్టేవాణ్ణక్కా.”