ఒప్పు కుట్టు విప్పిన రోజు

పాత నూలు చీర మీద నీళ్ళు చిలకరించి వేడి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. గంజి, కలరా ఉండలు, ఏళ్ళ తరబడి ఆ చీర కట్టిన మనిషి ఒంటి వాసన, అన్నీ కలిసిన ఆవిరి అది. అవనిగడ్డలో నేను నడుపుతున్న బొంతల షెడ్డులో మొన్న ఒక పిల్ల అలాంటి చీర ఇస్త్రీ చేస్తుంటే, చేతిలో టీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయాను. సుగుణమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముందు గౌరవం కలగదు, కోపం వస్తుంది. మిగతావన్నీ ఆ కోపం వెనకాల నెమ్మదిగా వస్తాయి. నాకు పని నేర్పిన మనిషి గురించి ఇలా రాయకూడదేమో గానీ, లేని మర్యాద ఒలకబోస్తే ఆవిడే ఒప్పుకోరు.

ఆవిడ బందరులో తన ఇంటి వసారాకి రేకులు వేయించి, ఆడవాళ్ళ చేత ముక్కల బొంతలు కుట్టించేవారు. కలంకారీ అద్దకాల్లో మిగిలిన గుడ్డలు పెడన నుంచి మూటలుగా వచ్చేవి. వాటిని నలుచదరం ముక్కలుగా కత్తిరించి, వరసలుగా అతికి, వరసల్ని మళ్ళీ ఒకదానికొకటి కలిపితే బొంత పైభాగం తయారవుతుంది. సుగుణమ్మగారిది పొట్టి ఆకారం, పెద్ద గొంతు, ఎప్పుడూ నెత్తి మీదే ఉండే కళ్ళజోడు. ఘంటసాల నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో, జాకెట్లు కుట్టే దాన్ని నాకు బొంత ఒక లెక్కా అనుకుంటూ ఆవిడ దగ్గర చేరాను. మొదటి రోజే నా వరస అందుకుని, వెనక్కి తిప్పి, అతుకు దగ్గర లోపలికి వదిలిన గుడ్డ మీద స్కేలు పెట్టారు.

"జాకెట్టుకి మార్జిన్ కాస్త అటూ ఇటూ అయినా ఒళ్ళు సర్దుకుంటుందే అమ్మాయ్. బొంతకి ఒళ్ళెక్కడుంది? పావంగుళం అంటే పావంగుళమే" అని, నేను కుట్టిందంతా నా ఒళ్ళోనే పడేశారు.

ఆవిడకొక నియమం ఉండేది. ఒకే బొంతని ఇద్దరు కుట్టాల్సి వస్తే, మొదలుపెట్టే ముందు ఇద్దరూ తలా మూడు పట్టీలు అతికి చూపించాలి. ఆవిడ మధ్య పట్టీని కొలుస్తారు. రెండు వైపులా మార్జిన్ సరిగ్గా పోయిందో లేదో ఆ పట్టీ వెడల్పే చెప్పేస్తుంది. ఒక్క అతుకులో నూలుపోగంత తేడా కంటికి ఆనదు, అదే వరస పొడుగునా పోగుపడితే ముక్కలు ముఖాలు తిప్పుకుంటాయి. మేం ఆవిడ వెనక దాన్ని చాదస్తమనే వాళ్ళం. అందరికంటే ఎక్కువ నేనే అనేదాన్ని.

ఒక ఎండాకాలం గుడివాడ నుంచి పద్మజగారని ఒకావిడ చీరల మూటతో వచ్చారు. ఆవిడ తల్లి మంచాన పడ్డారట. కన్నకూతుర్ని కూడా గుర్తుపట్టడం లేదట. పగలంతా పక్కగుడ్డ పీకుతూ, "నా చీరేది, నా చీరేది" అని ఏడుస్తున్నారట. పాత చీర చేతికిస్తే కాసేపు నిమ్మళిస్తారు, కానీ పట్టుకుని లాగుతుంటే అది చిరిగిపోతోంది.

"ఆవిడ చీరలతోనే బొంత కుట్టివ్వండి. వేరే గుడ్డ ఒక్క ముక్క కూడా కలపొద్దండీ, చేత్తో తడిమి కనిపెట్టేస్తుంది" అన్నారు పద్మజగారు. "డాక్టరు ఎన్నాళ్ళో చెప్పలేమన్నాడు. తొందరగా కావాలండీ."

చీరలన్నీ నలిగి నలిగి ఉల్లిపొరలా ఉన్నాయి. గట్టిగా ఉన్న చోటల్లా కత్తిరిస్తే, పైకీ అడుగుకీ కలిపి సరిగ్గా ఒక బొంతకి వచ్చింది, మిగిలినవి పీలికలు. త్వరగా అవుతుందని సుగుణమ్మగారు పనిని రెండుగా చేసి ఒక సగం నాకు, ఇంకో సగం సరోజక్కకి ఇచ్చారు. సరోజక్క నా తోడికోడలు. ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉండేవాళ్ళం. కుళాయి నీళ్ళ దగ్గర వచ్చిన మాటలతో మా మధ్య పలకరింపులు లేవు. అసలే తొందర, పైగా గుడివాడ నుంచి రోజూ ఫోన్లు. ఆ ఒక్కసారికి ఆవిడ మూడు పట్టీల ముచ్చట ఎత్తలేదు. "చేతులు తిరిగిన వాళ్ళే కదా, కానివ్వండి" అన్నారు.

రెండు సగాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాం. పై అంచులు కలిపి, చేత్తో సవరించుకుంటూ కిందికి వచ్చాం. చివరికి వచ్చేసరికి నా సగం రెండు వేళ్ళ మేర పొడుగుంది. స్కేలు తెచ్చింది నేనే. నా మార్జిన్ పావంగుళం. సరోజక్కది ప్రతి అతుకు దగ్గరా నూలుపోగు ఎక్కువ. మేమందరం సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం అంచునే ఆనవాలుగా పెట్టుకుని కుట్టేవాళ్ళం. ఆమె మిషను రిపేరుకి వెళ్ళినప్పుడు మెకానిక్ పాదం మార్చాడు, కొత్తది కాస్త వెడల్పు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"నాది సరిగ్గానే ఉందండీ" అన్నాను, సరోజక్కకి వినపడేలా.

ఆమె మొహం మాడిపోయింది. "కొంచెం లాగి పట్టుకుని కుట్టేస్తే సర్దుకోదా అండీ?" అంది నసుగుతూ.

"ముడత పడుతుంది. ఆవిడ రోజంతా దాని మీదే పడుకోవాలి. మంచంలో ఉన్న ఒళ్ళు ముడతకి ఒరుసుకుంటే పుండవుతుంది" అన్నారు సుగుణమ్మగారు.

"అయితే అక్క సగం విప్పించి, పావంగుళానికి కుట్టించండి" అన్నాను.

ఆవిడ ఒక పీలిక మీద కుట్టు వేసి, విప్పి వెలుతురుకి పట్టారు. సూది దిగిన చోటల్లా చిల్లులు. "కొత్త గుడ్డయితే తడిపితే పూడుకుంటాయి. ఇవి పూడవు. తనది విప్పి కుట్టు అంచుకి జరిపితే చిల్లులన్నీ పైకొస్తాయి. అక్కడే చిరుగుతుంది. నీది విప్పి ఇంకాస్త లోపలికి కుడితే, పాత చిల్లులు మార్జిన్‌లోకి పోతాయి. నీదే విప్పాలి."

నాకు కడుపు మండింది. "తప్పొకరిదీ శిక్షొకరికా అండీ?"

"తప్పెవరిదని నేనడగలేదు. ఏది విప్పితే బొంత నిలుస్తుందో చూస్తున్నాను."

అంతలో ఫోను మోగింది. పద్మజగారు. అమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదట, రేపటికైనా ఇస్తారా అని అడుగుతున్నారు. "రేపు మేమే తెస్తాం" అని ఈవిడ మాటిచ్చేశారు. నా వైపు చూడను కూడా లేదు. నేను సంచీ తీసుకుని లేచాను. చెప్పులు కూడా వేసుకున్నాను. ఆవిడ పిలవలేదు. తిరిగి చూస్తే, నా సగాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు దించుకుని, బ్లేడుతో మొదటి కుట్టు తెంపబోతున్నారు. చెయ్యి వణుకుతోంది. ఆ చేతికి వదిలేస్తే గుడ్డ దక్కేలా లేదు. అది చిరిగితే అతకడానికి ఇంక ముక్క లేదు. చెప్పులు విడిచి వచ్చి, "ఇలా ఇవ్వండి" అన్నాను. మర్యాదగా మాత్రం అనలేదు.

పొద్దు వాలేదాకా విప్పాను. నేను తిన్నగా, ముచ్చటగా కుట్టిన ఒక్కొక్క అతుకునీ నా చేత్తోనే తెంపుతుంటే ఏడుపొచ్చింది. ఎవరూ చెప్పకుండానే సరోజక్క వచ్చి ఎదురుగా కూర్చుని, దారప్పోగులు ఏరి, ముక్కల్ని ఇస్త్రీ చేసి అందించింది. మళ్ళీ కుట్టడం అదే పాదంతో జరగాలి కనుక ఆమె మిషను మీదే కూర్చోవలసి వచ్చింది. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

"తొక్కుడు కొంచెం బిగువుగా ఉంటుంది, చూసుకో" అంది సరోజక్క. ఎన్ని నెలల తర్వాతో ఆమె నాతో అన్న మొదటి మాట.

"ఊఁ" అన్నాను.

ఈసారి సగాలు అంచుకి అంచు, అతుకుకి అతుకు కలిశాయి. అడుగు గుడ్డ కూడా ముసలావిడ చీరే వేసి పూర్తిచేసి, మర్నాడు సుగుణమ్మగారూ నేనూ గుడివాడ బస్సెక్కాం. ఆ ఇంట్లో అడుగు పెట్టేదాకా నాకు భయమే, ఆలస్యమైపోయిందేమోనని. ముసలావిడ కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. వేళ్ళు పక్కగుడ్డని పీకుతూనే ఉన్నాయి. బొంత పరిచి ఆవిణ్ణి దాని మీదికి జరిపాం. చెయ్యి ఒక ముక్క మీద ఆగింది. దాన్ని నిమిరింది. పక్క ముక్క మీదికి పాకింది. సుగుణమ్మగారు ఆవిడ మొహం చూడటం లేదు, వేళ్ళనే చూస్తున్నారు. ఆ వేళ్ళు రెండు సగాలు కలిసిన చోటికి వచ్చాయి. ఎక్కడా తట్టుకోకుండా దాటి వెళ్ళిపోయాయి. ముసలావిడ అంచు పట్టుకుని చెంప కిందికి లాక్కుని, "నాదే" అన్నారు. పద్మజగారు గోడవైపు తిరిగి ఏడ్చారు.

తిరుగు బస్సు గుడ్లవల్లేరు దాటింది. కిటికీలోంచి చూస్తూనే సుగుణమ్మగారు అన్నారు.

"నీ కుట్టు ఒప్పే విజయా. పాదం మార్చాక కొలిపించకపోవడం నా తప్పు."

ముందురోజంతా ఆ ఒక్క మాట కోసమే నేను కాచుకుని ఉన్నాను. అది వినగానే సంతోషం బదులు ఉక్రోషం వచ్చింది. "ఈ మాట నిన్ననే అనొచ్చుగా అండీ, అందరి ముందూ!"

ఆవిడ అప్పుడు నా వైపు తిరిగారు. "అంటే విప్పేదానివా?"

విప్పేదాన్ని కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పెడన దాకా ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, నా సంచీ కూడా తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

సుగుణమ్మగారు ఇప్పుడు లేరు. నా షెడ్డులోనూ అప్పుడప్పుడు తప్పు చేసిన పిల్లది వదిలేసి, ఒప్పు చేసిన పిల్లది విప్పించాల్సి వస్తుంది. ఆవిడ నేర్పిన పనంతా ఆవిడ చేసినట్టే చేస్తాను, ఈ ఒక్కటి తప్ప. "నీది ఒప్పేనే అమ్మా" అని అందరి ముందూ ముందే చెప్పేస్తాను. ఆవిడన్నట్టే, ఆ మాట విన్నాక కొంతమంది విప్పరు. అప్పుడు నేనే కూర్చుని విప్పుతాను.