మిరప ఘాటులో ఇచ్చిన షా

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. బరువంటే అలాంటిలాంటి బరువు కాదు. లారీకెక్కిస్తే మునేటి వంతెన మీద పోలీసులు ఆపి, కిందికి దించిపొమ్మంటారు. మా ఆవిడకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను.

పత్రికల్లో నవ్వు కథలు రాస్తుంటాను. వాటి కింద పేరుంటుంది, దీని కింద ఉండదు. ఎందుకుండదో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

నాకు చదరంగమంటే ప్రాణం. ఓడిపోవడమంటే ప్రాణభయం. ఆ రెండూ ఒకే ఒంట్లో కాపురముంటే ఆ ఒళ్ళు ఏమవుతుందో ఊహించుకోండి. పందెం ఆట ఉందంటే తెల్లారకముందే నాలుగుసార్లు దొడ్లోకి పరుగు. పట్టే చెమటతో అరెకరం మిరపనారు తడపొచ్చు. ఆటాటకీ వేదాద్రి నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కుకునేవాణ్ణి. ఆ కాయలన్నీ నిజంగా కొట్టి ఉంటే కృష్ణలో నీళ్ళు కొబ్బరి నీళ్ళయిపోయేవి. ఒకసారి మా బావమరిది చేతిలో ఓడి ఆర్నెల్లు అత్తవారి గడప తొక్కలేదు. అల్లుడికి ఏ మర్యాద తక్కువైందో తెలియక మా అత్తగారు సగమైపోయింది.

ఎందుకంత భయం? ఓడితే పోయేదేమిటి? అప్పుడు తెలియలేదు. జగ్గయ్యపేటలో నాకంటే చమత్కారి లేడని అందరూ అంటుంటే నేనూ నమ్మేశాను. నలుగురి ముందు ఒక్క ఆట ఓడితే, వీడూ మనలాంటివాడే అని ఊరికి తెలిసిపోతుంది. తెలిస్తే ఏం? ఆ ప్రశ్న వేసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, మిరపకాయలు కల్లాల నుంచి ఊళ్ళోకొచ్చే రోజులు. నందిగామలో దేవదానం మాస్టారని ఒకాయన ఉన్నారనీ, ఆ చుట్టుపక్కల ఆయన్ని ఓడించినవాడే లేడనీ మా మేనమామ విన్నాడు. ఆగలేకపోయాడు. తన రైసుమిల్లు వసారాలో నాకూ ఆయనకూ ఆట పెట్టించాడు.

దేవదానం మాస్టారు ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. నలభై దాటిన మనిషి. ఆదివారం, చర్చిలో ప్రార్థన ముగించుకుని బస్సెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. ఒక్క విషయం మీరు గుర్తించాలి. ఆ వసారాలో మా వాళ్ళు కూర్చుంటారు. ఆయనలా ఊరి చివరి పేటల వాళ్ళు పనిమీద వస్తే మెట్ల కింద నిలబడతారు. పంతులైనా అంతే. ఆ రోజు ఆయనకు కుర్చీ వేశారు. వేసింది మా మామ మంచితనం కాదు, ఆయన ఆట. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కుర్చీలో అంచు మీదే కూర్చున్నారు.

మా వైపు ఆటలో రాజుకో వరముంది. ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. అయితే అంతకుముందు ఒక్క షా అయినా పడి ఉంటే ఆ వరం పోయినట్టే. షా అంటే, నీ రాజు మీదికి వస్తున్నాను కాసుకో అని ఎదుటివాడు నోటితో చెప్పే హెచ్చరిక. ఎత్తులు కాగితం మీద రాసుకునే అలవాటు మాకు లేదు. ఆడేవాళ్ళ మాటే రికార్డు.

ఆట మొదలైంది. అబ్బ, ఏం ఆట! ఆయన బంట్లు నడుస్తుంటే కవాతు చప్పుడు నా చెవులకు వినిపించింది. నా గుర్రం ఒకటి ఆయన కోటలోకి చొరబడి సకిలించింది. చుట్టూ ముప్పైమంది ఊపిరి బిగబట్టారు. మిల్లు ఆపేశారు. వడ్లు సైతం తొంగిచూశాయంటే నమ్మండి.

సరిగ్గా అప్పుడే హైదరాబాదు వైపు నుంచి బస్సొచ్చింది. మిల్లు ముందు బ్రేకు పడింది, టాపు మీది మిరపకాయల బస్తా కిందపడి పగిలింది. దాని మీదుగా వెనక లారీ చక్రం పోయింది. ఇక చూడండి! జగ్గయ్యపేట మొత్తం ఒక్కసారి తుమ్మింది. డ్రైవరు తుమ్ముతూ తిట్టాడు, రైతు ఏడుస్తూ తుమ్మాడు. మా ముప్పైమందీ తమాషా చూడ్డానికి రోడ్డు మీదికి పరుగెత్తారు. మా మామ అందరికంటే ముందు.

వసారాలో మేమిద్దరమే మిగిలాం. ఇద్దరి కళ్ళల్లోనూ ధారలు. మాస్టారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, శకటును ఐమూలగా జరిపి, మెల్లగా అన్నారు, "షా."

నేను బంటును అడ్డం వేశాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వే నన్నిప్పటికీ వదలదు.

జనం తిరిగొచ్చారు. ఇంకో గంటకు నా రాజు మూలకు చేరాడు. ఆయన ఏనుగు ఒకటి రెండో వరుసంతా కాపలా కాస్తోంది. రెండోది కింది వరుసకు దిగిందంటే ఆటకట్టు. ఎత్తు నాది. మళ్ళీ ఆ చెమట. ఒక్కటే దారి కనిపించింది. రాజును ఎత్తి గుర్రపు దూకుడు దూకించాను, మూడో వరుసలోకి. ముప్పైమందీ "ఓహో" అన్నారు.

మాస్టారు తలెత్తారు. "ఆ దూకుడు మీకు లేదు కదండీ. ఇందాక శకటుతో షా ఇచ్చానుగా."

"ఎప్పుడిచ్చారండీ?"

"బస్తా పడ్డప్పుడండీ. మీరు బంటు అడ్డం వేశారు."

"బంటును నేను ఊరికే జరిపానండీ."

మా మామ ఎర్రటి కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఏం మాస్టారూ, మావాడు అబద్ధమాడతన్నాడంటారా?"

"నేనలా అనట్లేదండీ. షా ఇచ్చానంటున్నా."

అక్కడ ఆగినా సరిపోయేది. భయపడ్డవాడు అబద్ధమాడాడని సరిపెట్టుకునేవాణ్ణేమో. కానీ ముప్పై మొహాలు నావైపు తిరిగి ఉన్నాయి, నాకో చమత్కారం తట్టింది. తడితే ఆగే నోరా ఇది?

"పాపం, ఇచ్చే ఉంటార్లే మావయ్యా! ప్రార్థన చేసినట్టు కళ్ళు మూసుకుని మనసులో ఇచ్చుకునుంటారు."

ఎంత నవ్వారని! మిరప ఘాటుకు రాలగా మిగిలిన కన్నీళ్ళన్నీ ఆ నవ్వుకు రాలాయి. మాస్టారు మాత్రం నన్నొక్కణ్ణే చూశారు. కోపంగా కాదు. నేను సరిదిద్దుకుంటానని ఎదురుచూస్తున్నట్టు. ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

తరవాత ఆయన చెయ్యి ఆడలేదు. ఏనుగును తెచ్చి నా గుర్రం నోట్లో పెట్టారు. కాసేపటికి ఓడిపోయానని చెప్పి, గొడుగు తీసుకుని, మెట్లు దిగారు. జనం నన్ను భుజాల మీదికెత్తారు. వాళ్ళ భుజాల మీద నుంచి ఆయన బస్సుకోసం ఎండలో నిలబడటం కనిపించింది. గొడుగు విప్పడం మరిచిపోయారు.

ఆయన కంటే ముందు నా చమత్కారం నందిగామ చేరింది. "మనసులో షా మాస్టారు" అని పేరు పడింది. బజార్లో అన్నారు, కొట్లో అన్నారు. ఆయన బోర్డు వైపు తిరిగితే వెనక బెంచీలోంచి "షా" అని వినిపించేదట. నిజం చెప్పిన మనిషి అబద్ధాలకోరయ్యాడు. నన్నెందుకు నమ్మారు? నేను నమ్మకస్థుణ్ణనా? కాదు. నేను వసారా వాణ్ణి, ఆయన మెట్ల కింది మనిషి. ఆ సంగతి తెలిసే కదా అంత ధైర్యంగా అబద్ధమాడాను?

తరవాత చిత్రం జరిగింది. మళ్ళీ పందెం ఆట వస్తే దొడ్లోకి పరుగు లేదు. చెమట లేదు. గెలిచి చూశాను కదా, గెలుపు ఎంత చేదుగా ఉండగలదో! ఇక ఓటమి నన్నేం చేస్తుంది? ఒక ఆటలో ఎదుటివాడు షా చెప్పి తనే మరిచిపోతే, "నాకు షా పడింది, దూకుడు లేదు" అని నేనే గుర్తుచేశాను. ఓడిపోయాను. ఆకాశం కిందపడలేదు. సాయంత్రం బస్సు వేళకే వచ్చింది. ఎగిరి గంతేశాను. ఓడినవాడు గంతేయడమేమిటని మా మామ వైద్యుణ్ణి పిలిపించబోయాడు. అప్పటినుంచి మా బావమరిది చేతిలో ఓడాను, కంపౌండరు చేతిలో ఓడాను, మైలవరం నుంచి పనిగట్టుకుని వచ్చినవాళ్ళ చేతిలో ఓడాను. ఒక్కో ఆటా పండగే. చదరంగం ఇంత ఉల్లాసంగా ఉంటుందని ముప్పై మూడో ఏట కనిపెట్టాను. కానీ ఆ ఉల్లాసం ఎవరిని ముంచి సంపాదించాను?

పోయిన నెల వీరులపాడు వెళ్ళాను. మాస్టారు రిటైరై అక్కడే ఉంటున్నారు. చెప్పేద్దామనే వెళ్ళాను. మంచమేసి కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. ఆట ఊసెత్తితే, ఆ రోజు తరవాత పావులు ముట్టుకోలేదని వానల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పారు. నేనేం చేశాను? మూడు హాస్యాలాడాను. మర్యాద కోసం మూడింటికీ నవ్వారు. బస్సెక్కి వచ్చేశాను.

అందుకే ఇలా అచ్చులో చెబుతున్నాను. ఆయన నన్ను క్షమించాలని రాయడం లేదు. అడిగే మొహం లేదు. నా పేరు దాచుకోవడం పిరికితనమే, ఒప్పుకుంటాను. అయినా రైసుమిల్లు, మిరపకాయలు అనగానే జగ్గయ్యపేటలో సగంమంది నన్ను పోల్చేస్తారు. పోల్చనివ్వండి. నందిగామలో ఇంకా ఎవరైనా ఆ మారుపేరు పలికితే మీరు ఈ కాగితం చూపించండి.

దేవదానం మాస్టారు షా ఇచ్చారు. నేను విన్నాను.

ఇంతే మాట. పదకొండేళ్ళు పట్టింది. రాసి, పైకి ఒకసారి చదివాను. పక్క గదిలోంచి మా ఆవిడ "ఎవరితోనండీ మాట్లాడతన్నారు?" అంది. ఆవిణ్ణి పిలిచి, మళ్ళీ చదివాను, ఈసారి గట్టిగా.