ఒంటి బూటుతో నెగ్గిన మ్యాచ్

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, కెనడాలో చదువుకునే పిల్లలంతా ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో గానీ, ప్రతి కాలేజీ పెళ్ళివారు దిగిన విడిదిల్లులా ఉండేది. నేను ఎమ్మెస్సీలో చేరిన చిన్న కాలేజీ హాలిఫాక్స్‌కి బస్సులో రెండు గంటల దూరం. ఫిజిక్సు క్లాసు చర్చి హాల్లో, కెమిస్ట్రీ క్లాసు చెక్కల షెడ్డులో, ఇద్దరుండాల్సిన గదిలో నలుగురం. అంత జనంలోనూ ఆ కాలేజీకి దొరకనివాళ్ళు ఎవరంటే ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. ఒళ్ళూ ఒడుపూ ఉన్న కుర్రాళ్ళను పెద్ద యూనివర్సిటీలు ముందే ఎగరేసుకుపోయేవి. మిగిలిన సరుకు మేము. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది. (ఆధారాలు చూపించమని అప్పటిదాకా ఎవరూ అడగలేదు.)

నోటీసుబోర్డు మీద 'ఫుట్‌బాల్ ఆడేవారు కావలెను' అని చూసి, సాయంత్రం తిన్నగా మైదానానికి వెళ్ళాను. కోచ్ గారు అసలు జియాలజీ మేష్టారు. రాళ్ళను చూసినట్టే మనుషుల్నీ అటూ ఇటూ తిప్పి చూసేవారు. "ఇంతకుముందు ఆడావా?" అన్నారు. "కాకినాడలో మా కాలేజీ టీములో ఉన్నానండీ" అన్నాను. అబద్ధమేమీ కాదు. టీములో ఉన్నాను. (ఆటలో ఉన్నానని అనలేదుగా. రిజర్వులో కూర్చుని, విరామంలో నిమ్మచెక్కలు పంచే బాధ్యత నాది.) ఆయన సంతోషించి ఒక బంతి నా చేతిలో పెట్టారు. గుమ్మడికాయ అనుకుని వెళితే దోసకాయ ఇచ్చినట్టుంది. "ఇదేమిటండీ?" అన్నాను. "బంతి" అన్నారు. "దీన్ని తన్నాలా?" "ముఖ్యంగా చంకలో పెట్టుకుని పరిగెత్తాలి. ఎవడైనా అడ్డమొస్తే గుద్దాలి." పేరొకటే గానీ, వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదన్నమాట. అక్కడికక్కడే నమస్కారం పెట్టి గదికి వెళ్ళిపోవలసింది. కానీ వెనక్కి తగ్గడం మా ఇంటా వంటా లేదు. "తన్నే పని ఏదైనా ఉంటే చెప్పండి, అది నాకు వదిలెయ్యండి" అన్నాను హుందాగా. అలాంటి పని నిజంగానే ఉంది. రెండు పొడుగాటి పోస్టుల మధ్యనుంచి బంతిని పంపితే మూడు పాయింట్లు. అందుకని ప్రత్యేకంగా ఒక మనిషి. ఆ మనిషిని నేనే అయ్యాను.

నేను తన్నేటప్పుడు బంతిని నేలమీద నిలబెట్టి పట్టుకునేవాడు నా గదిలో ఉండే కుర్రాడే. ఆపిల్ తోటల రైతు కొడుకు, ఆరడుగుల పైచిలుకు. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. నేను మనసులో 'దూలం' అని పేరు పెట్టుకుని ఒకరోజు పొరపాటున పైకే పిలిచాను. అర్థమేమిటని అడిగాడు. "మా భాషలో ఇంటిని మోసేది అని" అన్నాను. ఎంత మురిసిపోయాడంటే, ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో హెల్మెట్ మీద రాయించుకున్నాడు.

ఇక నా ఆట. అక్కడివాళ్ళంతా ఎదురుగా పరిగెత్తుకొచ్చి బొటనవేలి కొసతో పొడిచేవాళ్ళు. అందుకోసం ముందు భాగం గోడలా ఉండే బూటొకటి ఇచ్చారు, నా కాలికి రెండు సైజులు పెద్దది. నాకు తెలిసిందల్లా పక్కనుంచి వచ్చి పాదం పై భాగంతో కొట్టడం, అదీ ఉత్త కాలితో. ఆ బూటుతో కొడితే బంతి పోస్టుల మధ్యకి తప్ప అన్ని చోట్లకీ వెళ్ళేది. మొదటి మ్యాచ్‌లో మా కాలేజీ బ్యాండువాళ్ళ డ్రమ్ము పగిలింది, మ్యాచూ పోయింది. రెండోది, మూడోది, నాలుగోది కూడా ఓడిపోయాం. (డ్రమ్ములవాడు మూడో మ్యాచ్‌నుంచి రావడం మానేశాడు.)

ఆఖరి మ్యాచ్‌కి వారం ముందు కోచ్ గారు అందర్నీ కూర్చోబెట్టారు. "ఒక్క మ్యాచ్ కూడా నెగ్గని టీముకి ఇంత మైదానం ఎందుకని కాలేజీ కమిటీ అడుగుతోంది. ఇక్కడ హాస్టలు కడతారట. వచ్చే శనివారం కూడా ఓడితే వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు" అని వెళ్ళిపోయారు. దూలం నెమ్మదిగా, "శనివారం మా నాన్న వస్తున్నాడు. తోట వదిలిపెట్టి రావడం ఇదే మొదటిసారి" అన్నాడు. నా మీద నాకున్న అభిప్రాయం మొదటిసారి కాస్త కదిలింది.

మర్నాడు ఆదివారం హాలిఫాక్స్ వెళ్ళాను. అక్కడ నాకు తెలిసిన తెలుగిల్లు ఒక్కటే. దూరపు వరస అక్కయ్య, ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న బావగారు. సాంబారన్నం తింటూ సంగతంతా చెప్పాను. "ఏమోయ్, చదువుకోమని పంపితే ఈ కుస్తీలేమిటి? కాలు విరిగితే మా ఆసుపత్రికే మోసుకొస్తారు, నాకు తలవంపులు" అన్నారు బావగారు. అక్కయ్య మాత్రం ఆలోచిస్తూ, "పుట్టి బుద్ధెరిగిననాటినుంచీ ఉత్తకాళ్ళతో ఆడినవాడికి ఆ గాడిద బూటెందుకురా? విప్పి అవతల పారెయ్" అంది. "చలి చంపేస్తుంది అక్కయ్యా!" "అదా! హాట్ వాటర్ బ్యాగ్ ఉందిగా. తన్నేదాకా దానిమీద కాలు పెట్టుకుని కూర్చో." ఏ కోచింగు పుస్తకంలోనూ లేని సలహా. సోమవారం కుడి బూటు విప్పి పది తన్నితే ఏడు పోస్టుల మధ్యకే వెళ్ళాయి. కోచ్ గారు వచ్చి, నా పాదాన్ని ఎత్తి, తిప్పి తిప్పి చూసి, "గ్రానైట్" అన్నారు. నా జీవితంలో అందుకున్న గొప్ప ప్రశంసల్లో అదొకటి.

శనివారం ఆకాశం బూడిదరంగు, నేల సగం గడ్డకట్టిన బురద. బావగారు, అక్కయ్య కూడా వచ్చారు. (నా కాలు విరిగితే దగ్గరుండాలని వచ్చానన్నారాయన.) నా ఒంటి బూటును చూసి రెఫరీ ఆట ఆపి, రూల్సు పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేసి, "బూటు లేకుండా ఆడకూడదని ఇందులో ఎక్కడా లేదు" అన్నాడు, చాలా బాధగా. ఆ రోజు మావాళ్ళు ఎలా ఆడారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. దూలం అయితే తండ్రి చూస్తున్నాడని ఎదురొచ్చినవాళ్ళను ఆపిల్ బుట్టల్లా ఎత్తి పక్కన పెట్టాడు. ఆఖరి నిమిషానికి ఏడూ ఏడు, సమానం. కోచ్ గారు నావైపు చూశారు. నేను హాట్ వాటర్ బ్యాగ్ బెంచీకింద పెట్టి లేచాను.

దూలం బంతి నిలబెట్టాడు. నేను పరిగెత్తుకొచ్చి తన్నాను. బంతి చక్కగా లేచి, చక్కగా తిరిగి, కుడి పోస్టుకి మూడు గజాల అవతలనుంచి వెళ్ళిపోయింది. కళ్ళు మూసుకుని కూలబడ్డాను. అరుపులు వినిపించి కళ్ళు తెరిచేసరికి మా టీము మొత్తం, ముందు దూలం, నామీదికి పరిగెత్తుకొస్తున్నారు. ఏం చేస్తాను? లేచి పారిపోయాను. ఒక కాలికి బూటు, ఒక కాలికి బురద. కాకినాడనుంచి కెనడా దాకా అంత వేగంగా నేనెప్పుడూ పరిగెత్తలేదు. సగం మైదానం దాటాక బావగారి గొంతు తెలుగులో ఖంగుమంది: "పరిగెత్తకురా వెర్రివాడా! నెగ్గారు! మీరే నెగ్గారు!"

సంగతేమిటంటే, పోస్టుల మధ్యకి వెళ్ళకపోయినా, గోలు వెనకున్న ఖాళీ జాగాలో బంతి పడి, అవతలివాళ్ళు దాన్ని బయటికి తేలేకపోతే తన్నినవాళ్ళకి ఒక పాయింటు. గురి తప్పినవాణ్ణి కూడా ఉత్త చేతులతో పంపని దయగల రూలు అది. వాళ్ళ కుర్రాడు బంతి ఎత్తుకుని రెండడుగులు వేసేలోపలే దూలం వెళ్ళి వాడిమీద పడ్డాడట. ఎనిమిది, ఏడు. (మొదటి వారంలోనే ఈ రూలు బోర్డుమీద గీసి చెప్పారట. ఆ పూట నేను కునికిపాట్లు పడుతున్నాను.) దూలం తండ్రి వచ్చి, నా చెయ్యి కాదు, కాలు పట్టుకుని ఊపేశాడు.

సోమవారం కోచ్ గారు పిలిచి తలుపు వేశారు. "నిజం చెప్పు. ఒక్క పాయింటు చాలని కావాలనే పక్కకి తన్నావా?" ఒక్క క్షణం అవునందామనిపించింది. "లేదండీ. మధ్యకే తన్నాను" అన్నాను. ఆ సీజన్ మొత్తంలో ఆయన నవ్వడం అప్పుడే చూశాను. "ఈ మాట బయట అనకు. అది మన ప్లానని కమిటీకి చెప్పేశాను" అన్నారు. ఆ ప్లాను పుణ్యమా అని మైదానం ఇంకో మూడేళ్ళు బతికింది. తరవాత హాస్టలు కట్టారు. ఆ కాలేజీలోనే మేష్టారునై, అందులో చేరిన పిల్లలకే నేను ఫిజిక్సు చెప్పాను.

మొన్నామధ్య దూలం కొడుకు ఆ రోజు ఫొటో ఒకటి పంపించాడు. మా మనవరాలు దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది. బంతి అప్పుడే గాలిలోకి లేచింది, అప్పటికే కుడివైపు తిరిగింది. కింద బక్కపలచటి కుర్రాడొకడు రెండు చేతులూ ఆకాశానికెత్తి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. "తాతా, యూ మిస్డ్ ఇట్! వై ఆర్ యూ సెలబ్రేటింగ్?" అంది.

"అప్పటికింకా నాకు తెలీదమ్మా" అన్నాను. అది ఫొటో తిరిగి ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ తెలియనివాణ్ణి చూస్తూ నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను.