అన్నిటికంటే కింది కొళాయి

హిందూపురంలో మా అపార్ట్‌మెంటు ట్యాంకు కడిగిన రోజున కొళాయి తిప్పితే నీళ్ళకంటే ముందు గాలి వస్తుంది; నాలుగుసార్లు దగ్గి, తుప్పు రంగులో ఓ దోసెడు ఉమ్మి, తడి ఇనుము వాసన వేస్తుంది. ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం నా తొమ్మిదో ఏట మేము కాపురం మార్చిన పల్లె గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడతాను.

ధర్మవరంలో పుట్టి, మగ్గాల చప్పుడు మధ్య నిద్రపోవడం నేర్చినవాణ్ణి. బడిపంతులైన మా నాయనకు పెనుకొండ దాపున ఒక కొండవాలు పల్లెకు బదిలీ అయినప్పుడు, ఆ నిశ్శబ్దానికి వారం రోజులు నిద్ర పట్టలేదు. ఇళ్ళు మెట్లమెట్లుగా, ఒకరి గడప ఇంకొకరి కప్పు ఎత్తున ఉండేవి. మాకు దొరికింది అన్నిటికంటే కింది ఇల్లు. మెట్లెక్కే పని లేదని అమ్మ సంతోషించింది.

ఒక్కోపూట బల్బు వెలిగేది, నీళ్ళు మాత్రం వచ్చేవి కావు. ఎందుకని అడిగితే బోరు మోటరు వేసే ఓబులేసు ఎంతో ఓపిగ్గా, "కరెంటు ఉండాది పంతులూ, మోటరుకు లేదు" అనేవాడు. మోటరుకు కావలసింది త్రీఫేజు అని, అది ఒక వారం పొద్దున వస్తే ఇంకో వారం మధ్యాహ్నం వస్తుందని, ఎప్పుడు మారేదీ ఓబులేసుకు కూడా తెలియదని మాకు అర్థమయ్యేసరికి, అనపకాయలు ఉడికే వాసనతో, నిప్పుల మీద చెనక్కాయలు కాల్చుకునే సాయంత్రాలతో చలికాలం వెళ్ళిపోయి, బండలు సెగలు కక్కే ఎండలొచ్చాయి. ఆ మెట్ల మీద గోలీలాడితే ఎవరి గోలీ అయినా చివరికి మా వాకిట్లోనే ఆగేది. అదేదో మా గొప్ప అనుకున్నాను.

అమ్మ ధర్మవరం పద్ధతి వదల్లేదు. అక్కడ నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కనుక కొళాయి తిప్పేసి కింద బిందె పెట్టేవాళ్ళు, చప్పుడైతే పరుగెత్తడమే. ఇక్కడ అమ్మ పరుగెత్తేలోపే బిందె నిండి, పొర్లిన నీళ్ళు పక్కన సొరపాదులోకి పోయేవి. ఊరంతా ఎండిపోతుంటే మా సొరతీగ ఇంటికప్పెక్కి, చేయంత కాయలు కాసింది. దారిన పోయేవాళ్ళంతా ఆగి, "మీ సొరపాదు బలే ఉండాదమ్మా" అనేవాళ్ళు. అమ్మ మురిసిపోయి కొళాయి ఇంకాస్త తిప్పేది. రోజురోజుకీ పాదును మెచ్చుకునేవాళ్ళు పెరిగారు, మమ్మల్ని పలకరించేవాళ్ళు తగ్గారు. ఎందుకో మాకు తెలియలేదు.

ఉగాది పొద్దున, తలంట్లు అయిపోయి, ఓళిగలకు ఉడుకుతున్న శనగబేడలు, బెల్లం, యాలకల వాసన ఇల్లంతా నిండి ఉండగా, అన్నిటికంటే పైఇంట్లో ఒంటరిగా ఉండే అవ్వ రెండు ఖాళీ బిందెలతో మెట్లన్నీ దిగివచ్చి మా సొరపాదు ముందు నిలబడింది.

"ఏమ్మా పంతులమ్మా, మీ సొరకాయలు తలంటు పోసుకున్యాయా?"

అమ్మ నవ్వబోయి ఆగింది.

"నేనింకా పోసుకోలేదులే. నాలుగు దినాలుగా నా కొళాయిలో గాలి తప్ప ఏమీ రాలే. గొర్రెలు తాగే తొట్టికాడ ముంచుకుంటాండా. కింద మూస్తేనే కదమ్మా పైకెక్కేది?"

ఊరంతటికీ ఒకటే పైపు కాబట్టి, కింది ఇంటివాళ్ళు పట్టుకుని, మూసి, పైఇంటికి కేక వేయాలట. వాళ్ళు పట్టుకుని ఆపై ఇంటికి. పంతులింటికి ఇది కూడా చెప్పాలా అని ఎవరూ చెప్పలేదట. నీళ్ళు పల్లానికి ఎందుకు పారతాయో ఆ వారమే ఐదో తరగతికి చెప్పిన మా నాయన, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

అమ్మ కొళాయి మూసింది. తాగేవాటితో సహా ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ అవ్వ ఇంటికి మెట్లెక్కించింది. తన చంకన బిందె, నాయనకు బకెట్లు, నాకు చెంబు. అవ్వ వద్దనలేదు. ఆమె తలస్నానం అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సాయంత్రం అమ్మ సొరకాయలన్నీ కోసి ఇంటింటికీ పంచింది. ఎవరూ కాదనలేదు, బాగున్నాయని మాత్రం ఎవరూ అనలేదు.

మర్నాడు ఓబులేసు మోటరు వేయగానే అమ్మ నాలుగు బిందెలు పట్టి మూసి, "మూసినామో!" అని కేకేసింది. ఆ కేక ఇంటినుంచి ఇంటికి అందుతూ మెట్లెక్కి పోయింది. చాలాసేపటికి పైనుంచి అవ్వ గొంతు దిగింది: "వచ్చినాయి లేమ్మే!" అప్పటిదాకా అమ్మ కొళాయి దగ్గరే నిలబడి ఉంది.

మొన్న ఆ దారిన పోతూ ఆగాను. ఇంటికొక చిన్న మోటరు, కప్పు మీద నల్ల ట్యాంకు. ఎవరి మీట వాళ్ళు నొక్కుకుంటున్నారు. మేమున్న ఇంటి ముందు గిన్నెలు తోముకుంటున్న ఆమెను, అన్నిటికంటే పైఇంటికి నీళ్ళు అందుతున్నాయా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఆడ ఎవరుండారప్పా?" అంది.

తలెత్తి చూశాను. ఆ ఇంటి ముందు దండెం మీద పిల్లల బట్టలు ఆరుతున్నాయి.