పూతను నిల్వ అనని బాలమణి గారు

బాలమణి గారు పోయారన్న సంగతి నాకు ఎవరూ ఏడుస్తూ చెప్పలేదు. ఆమె ఫొటోతో ఒక ఫ్లెక్సీ నమూనా నా ఫోనుకు వచ్చింది. దాని కింద, "అక్షర దోషాలుంటే చూసి వెంటనే పంపగలరు" అని ఒక వాక్యం. పంపింది, రాగి గని తెరుస్తామంటూ జనం దగ్గర పెట్టుబడి సేకరించిన ఒక సంస్థ ఆఫీసు. ఫొటో మీద పెద్ద అక్షరాల్లో ఇలా ఉంది: "మా రాగి నిల్వలను ధ్రువీకరించిన మహా శాస్త్రవేత్తకు అశ్రునివాళి."

స్కూటర్ రోడ్డు పక్కన ఆపి మళ్లీ మళ్లీ చదివాను. అక్షర దోషం ఒక్కటీ లేదు. మాటే అబద్ధం. బాలమణి గారు ఆ నిల్వలను ఏనాడూ ధ్రువీకరించలేదు. వాటిని నిల్వలు అనవద్దని నోరు నొప్పి పుట్టేలా చెప్పారు. ఆ అబద్ధాన్ని మొట్టమొదట తెలుగులో రాసింది నేను. గుండె ఆగి ఆమె కన్ను మూసిన మర్నాడే దాన్ని మళ్లీ ఆమె మెడలో దండలా వేయడానికి సిద్ధమయ్యారు. ఆ కోపంతో రాస్తున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు కోపం తగదంటారు. ఇప్పుడు నా దగ్గర ఇంకేమీ లేదు.

ఆమె పుట్టిందీ పెరిగిందీ సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లో. తండ్రికి మోండా మార్కెట్లో కారం, పసుపు అమ్మే కొట్టు ఉండేది. ఆడపిల్ల సుత్తి పట్టుకుని కొండలెక్కడమేమిటని బంధువులు నవ్వుతున్న కాలంలో భూగర్భ శాస్త్రం చదివి, ప్రభుత్వ సర్వే ఉద్యోగంలో చేరి, ఎండల్లో రాళ్లు కొడుతూ ఉద్యోగ జీవితమంతా గడిపారు. పదవీ విరమణ చేశాక నగర శివారు యాప్రాల్‌లో చిన్న ఇల్లు కట్టుకుని చెల్లెలు చంద్రకళ గారితో ఉండేవారు.

తెలియనిది తెలియదని చెప్పడానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. బన్సీలాల్‌పేట్ మెట్ల బావిలో పూడిక తీస్తున్న రోజుల్లో పాత ఇరుగుపొరుగు ఆమెను చుట్టుముట్టారు. "మేడం, మీరు భూమి సంగతులు చదివినోళ్లు గద, అడుగున ఏముంటదో చెప్పండి" అన్నాడు ఒకాయన. "బురద తీసినంక చెప్త" అన్నారామె. "గది మేం సుత చెప్తం!" అని ఆయన ఎగతాళి చేస్తే, "మరి నన్నెందుకు అడుగుతున్నవ్? పోయి తట్ట మొయ్యి" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వారు.

మోండాలో బెండకాయలు కొనే తీరు చూడాలి. కుప్ప పైనున్నవి ముట్టుకునేవారు కారు. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి, ఒకటి ఈ మూల నుంచి, ఒకటి ఆ మూల నుంచి తీసి కొన విరిచేవారు. "ఏందమ్మా, కాయలు కొంటున్నవా, పిల్లకు సంబంధం చూస్తున్నవా?" అని కూరగాయలామె విసుక్కుంటే, "పైనున్నయి నువ్వు పెట్టినయి గదనే. అడుగున్నయి దేవుడు పెట్టిండు. నాకు ఆయన పెట్టినయి గావాలె" అనేవారు.

ఆ రాగి కొండ దగ్గర కూడా ఆమె చేసింది అదే. నేను తెనాలి వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడినవాణ్ణి. కంపెనీలకు ప్రాజెక్టు నివేదికలు తయారు చేయడం నా వృత్తి. ఆ సంస్థ కోసం బాలమణి గారిని ఒప్పించి తీసుకువెళ్లింది నేనే. బోర్లు వేసి తీసిన రాతి కడ్డీల్లో బాగా మెరిసేవాటిని ఏరి, నీళ్లతో కడిగి, బల్ల మీద పేర్చి ఉంచారు. ఆమె వాటివైపు చూడను కూడా చూడలేదు. షెడ్డు వెనక మూతలు వేసి ఉన్న పెట్టెలన్నీ తెరిపించారు. వాటిల్లో చాలావరకు మెరుపు లేని ఉత్త రాళ్లే. సాయంత్రం అయ్యేసరికి సంస్థ ఎండీ ముఖం మాడిపోయింది.

గని పేరుతో డబ్బు సేకరించేవాళ్లు భూమిలో ఏముందో తమ ఇష్టం వచ్చినట్టు చెప్పడానికి వీల్లేదు. అనుభవమున్న నిపుణులు, ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం, తమ పేరు పెట్టి చెప్పాలి. ఉండవచ్చన్నది వేరు, ఉన్నదన్నది వేరు, తవ్వితే గిట్టుబాటవుతుందని తేలింది వేరు. చివరిదాన్ని మాత్రమే నిల్వ అనాలి. ఆ నిపుణుల మాటను ఎక్కడ వాడుకున్నా, ఏ రూపంలో వాడుకుంటున్నారో చూపించి, రాతపూర్వకంగా వారి అనుమతి తీసుకోవాలి. బాలమణి గారు అన్నిటికంటే కింది మెట్టు దగ్గర ఆగారు. రాగి ఉండవచ్చు, ఎంతో చెప్పేందుకు ఆధారం చాలదు అని ఇంగ్లిష్‌లో రాసి సంతకం పెట్టారు.

ఇదంతా తెలుగులో ఎలా చెప్పాలని నేనే ఆమెను అడిగాను. ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని మామిడికాయ తొక్కుకు ముక్కలు కొడుతున్నారు. కత్తి ఆపకుండానే చెప్పారు: "గంత కష్టమేముందయ్యా? పూత, పిందె, కాయ. జాడీల కెక్కిన తొక్కు నిల్వ. చెట్టుమీదున్న పూతను నిల్వ అంటమా? గా కొండల ఇప్పుడున్నది పూత. గిట్లనే రాయి, ముసలోళ్లకు సుత సమజైతది."

నాలుగు మాటల్లో ఒక శాస్త్రం! అంత మంచి తెలుగు నేను ఏ నివేదికలోనూ చూడలేదు. మర్నాడు ఎండీకి చెబితే పగలబడి నవ్వాడు. "పువ్వు చూసి డబ్బులిస్తారా ఎవరైనా? మీరు తెలుగువాళ్లేనా అసలు?" అన్నాడు. నేనూ ఆయనతో కలిసి నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బ్యాంకువాళ్లు ఇంగ్లిష్ నివేదిక చదివారు. సంతకం దగ్గర ఏ మెట్టు రాసి ఉందో చూసి అప్పు ఇచ్చేది లేదన్నారు. ప్రమాణం తన పని తాను చేసింది. అప్పుడు ఎండీ యాప్రాల్ లాంటి కాలనీల్లోని రిటైరైనవాళ్ల వైపు తిరిగాడు. వాళ్ల కోసం తెలుగు కరపత్రం కావాలన్నాడు. "ప్రముఖ శాస్త్రవేత్త బాలమణి గారు ధ్రువీకరించిన అపార రాగి నిల్వలు" అని రాశాను. తెలిసే రాశాను. ఆమెకు చూపించలేదు. చూపిస్తే ఏమంటారో కూడా నాకు తెలుసు.

ఆ కరపత్రం చదివి డబ్బు పెట్టినవారిలో ఆమె పక్కింటి శంకరయ్య గారు ఒకరు. బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. రావలసిన లాభం రాకపోయేసరికి గేటు ముందు నిలబడి అరిచారట. "నీ పేరు జూసే గదమ్మా పెట్టిన! ఇంగ గిప్పుడు నాకేం ఎరుకలేదంటే ఎట్ల?" ఆమె ఆ కరపత్రాన్ని చూడడం అదే మొదటిసారి.

దాన్ని పట్టుకుని నేరుగా నా ఆఫీసుకు వచ్చారు. కూర్చోలేదు.

"ఇది నువ్వు రాసినవా?"

"ఎండీ గారు అలా రాయమన్నారు మేడం..."

"ఆయనకు తెలుగు సదవనీకే రాదు గద. రాసింది నువ్వు."

ఆమె కరపత్రాన్ని నా బల్ల మీద పెట్టారు.

"నేను ఇంగ్లిష్‌ల సంతకం పెట్టిన. నువ్వు దాన్ని తెలుగుల ఫోర్జరీ చేసినవ్" అన్నారు. గొంతు పెంచలేదు. "తెలుగుల చెప్పిన అబద్ధం తెలుగులనే సరిజెయ్యాలె. నీ పేరు పెట్టి రాయి. గదొక్కటి చాలు నాకు."

ఆమె నన్ను అడిగింది అదొక్కటే. రాస్తానన్నాను. రాయలేదు. ఆ సంస్థ పనులు పోతాయని, నలుగురిలో పరువు పోతుందని వాయిదా వేశాను. ఆమె పోరు పడలేక సంస్థ తన వెబ్‌సైట్‌లో ఏ మూలో చిన్న అక్షరాలతో ఒక సవరణ వేసింది. అదీ ఇంగ్లిష్‌లో! శంకరయ్య గారు దాన్ని ఏ జన్మలో చదవాలి? ఆ ముసలావిడ మోకాళ్ల నొప్పులతో ఇల్లిల్లూ తిరిగి, "గది నేను రాయలే బిడ్డా, ఇంక ఒక్క పైస పెట్టకుండ్రి" అని చెప్పారు. దొరికిపోయి తప్పించుకుంటోందని అనుకున్నారు జనం. బతుకమ్మ నాడు కూడా ఆ వీధిలో ఎవరూ ఆ అక్కచెల్లెళ్లను పిలవలేదని చంద్రకళ గారు చెబితే విన్నాను. ప్రమాణం బ్యాంకును కాపాడింది. యాప్రాల్‌ను కాపాడలేకపోయింది. ఎందుకంటే యాప్రాల్‌కు దాన్ని చదివి వినిపించింది నేను.

ఆఖరిసారి మోండాలోనే కనిపించారు. చూసి పక్క సందులోకి తప్పుకోబోయాను. "ఏందయ్యా, దాగుతున్నవా? రాళ్లల్ల రాగి ఎతికినదాన్ని, సందుల నువ్వు దొరకవా?" అని నవ్వారు. తర్వాత మెల్లగా, "రాసినవా?" అని అడిగారు. ఈ వారం రాస్తాను మేడం అన్నాను. "నీ వారం గూడ పూతలనే ఉన్నట్టుంది" అని సంచీ చేతికి తగిలించుకుని వెళ్లిపోయారు.

కాలనీ కమ్యూనిటీ హాల్లో సంతాప సభ జరిగింది. నేను సరిచూసి పంపకపోయినా ఆ ఫ్లెక్సీ వేదిక వెనక వేలాడుతూనే ఉంది. ఎండీ ఖరీదైన దండ తెచ్చాడు. పక్క కొండలో కొత్త గనికి బాలమణి గారి పేరు పెడతామని, ఆమె ఆశయాన్ని నమ్మినవారు పాలుపంచుకోవాలని ఇంగ్లిష్‌లో ప్రకటించాడు. మనిషి చితి చల్లారిందో లేదో, ఆ బూడిద మీదే మళ్లీ డబ్బు అడుగుతున్నాడు! వెనక వరస నుంచి శంకరయ్య గారు లేచి, "ఆమె సంతకం లేకుంటే నేనెందుకు పెడ్తి? పోయినామె పోయె, మమ్ముల ముంచి పోయె" అన్నారు. చంద్రకళ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు లేచాను. ఆ మాట నాది, ఆమెది కాదు, ఆమెకు చూపించకుండా రాశాను అని చెప్పాను. ఎండీ మైకు అందుకుని, "దుఃఖంలో ఉన్నారు పాపం, మంచినీళ్లివ్వండి" అన్నాడు. కొందరు నవ్వారు. శంకరయ్య గారు నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, "ఈ ముక్క ఆమె బతికున్నప్పుడు చెప్పనీకే నీకేం రోగమొచ్చింది?" అన్నారు. సాయంత్రానికి సంస్థ వకీలు ఫోన్ చేశాడు, అన్నది వెనక్కి తీసుకోకపోతే పరువు నష్టం దావా వేస్తామని. వేయండి. కోర్టులో మొదటి ప్రశ్న ఆ కరపత్రం ఎవరు రాశారనే కదా.

అందుకే ఇది తెలుగులో, నా పేరు కింద రాస్తున్నాను. బాలమణి గారు ఆ కొండలో నిల్వలు ఉన్నాయని ఎన్నడూ అనలేదు. రాగి ఉండవచ్చని మాత్రమే అన్నారు. ఆమె పేరు చూపించి ఎవరైనా మీ గుమ్మం ఎక్కితే ఈ కాగితం చూపించి పంపేయండి. అమ్మా, మీరు అడిగిన ఆ ఒక్క పని మీరు వెళ్లిపోయాక చేస్తున్నాను. క్షమించమని అడిగే అర్హత కూడా నాకు లేదు. తల వంచి నమస్కరిస్తున్నాను.

ఆ సంస్థ ఇప్పుడు కొత్త కొండ నివేదికకు ఒక నిపుణుడి కోసం వెతుకుతోందట. దొరుకుతాడు. అడిగినచోటల్లా సంతకం పెట్టేవాళ్లకు ఈ ఊళ్లో ఎప్పుడూ కరువు లేదు. పెట్టనని చెప్పే మనిషే ఇక లేదు.